పేరు కాదు, పుట్టుమచ్చ చూడండి బాబూ!

మొన్న ఆదివారం పొద్దున్నే ఓ మిత్రుడు ఫోను చేశాడు. వాళ్ళ ప్రాజెక్టులో క్లయింటు ఆడిట్టట. ఏ సర్వర్లో ఏ సాఫ్టువేరు ప్యాకేజీ ఉందో జాబితా ఇవ్వండి, ప్రతి ఫైలుకీ షా-256 హ్యాషు కూడా ఇవ్వండి అన్నారట. ఆ చివరి ముక్కకి మావాడు అగ్గి మీద గుగ్గిలం అయిపోతున్నాడు. "పేరుంది, వెర్షన్ నంబరుంది, ఏ ఫోల్డర్లో ఉందో ఉంది. ఇన్ని ఉండగా ఈ అరవై నాలుగు అక్షరాల పిచ్చిరాతలు ఎవడిక్కావాలిరా? పనీపాటా లేనివాళ్ళు పెట్టిన రూలు కాదూ ఇది?" అని వాడి గోల. నేను వాడి పక్షం మాట్లాడతాననుకున్నాడు పాపం. "వాళ్ళు అడిగింది న్యాయమే, ఇన్నాళ్ళూ అడక్కపోవడమే అన్యాయం" అన్నాను. ఇంకో పావుగంట నన్ను కూడా కలిపి తిట్టి పెట్టేశాడు. ఫోన్లో వాడు నన్ను మాట్లాడనివ్వలేదు కాబట్టి నా జవాబు ఇక్కడ రాసుకుంటున్నాను. మావాడి లాంటి వాళ్ళు మన ఫీల్డులో కోకొల్లలు కాబట్టి ఇది అందరికీ అనుకోండి.

ముందుగా ఓ చిన్న పని చెయ్యండి. మీ టెన్త్ సర్టిఫికెట్టు ఒకసారి బయటికి తీయండి. మీ పేరు, నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, హాల్‌టికెట్టు నంబరు అన్నీ ఉంటాయి. అవి చాలక రెండు పుట్టుమచ్చలు కూడా రాయించారు, గుర్తుందా? క్లాస్‌టీచరు ఒక్కొక్కళ్ళనీ పిలిచి, మోచెయ్యీ మెడా చూసి రాసుకోవడం, మచ్చలు దొరకనివాడు బిక్కమొహం వెయ్యడం... మా క్లాసులో ఇద్దరు ఎం. శ్రీనివాసరావులుండేవారు. ఖర్మ కాలి ఇద్దరి తండ్రుల పేర్లూ వెంకటేశ్వర్లే. ఇప్పుడు మా టీములో ముగ్గురు శ్రీనివాసులున్నారు, మీ టీములోనూ ఉండే ఉంటారు. పేరనేది పిలుచుకోడానికి. మనిషిని పోల్చుకోడానికి ఒంటి మీద గుర్తు కావాలి. ఈ సంగతి మన హైస్కూలు క్లర్కుకి తెలుసు. కోట్లాది డాలర్ల సిస్టములు నడిపే మనకి మాత్రం ఇంకా ఎక్కలేదు.

హ్యాషంటే ఫైలు ఒంటి మీది గుర్తు. తెలిసినవాళ్ళు క్షమించాలి, మేనేజర్లు కూడా చదువుతారు కాబట్టి నాలుగు ముక్కల్లో చెబుతాను. ఫైల్లోని ప్రతి బిట్టునీ ఓ లెక్కలోకి పంపితే, చివరికి ఫైలు ఒక కేబీ అయినా నాలుగు జీబీ అయినా 256 బిట్ల సంఖ్య ఒకటి వస్తుంది. హెక్సులో రాస్తే 64 అక్షరాలు. ఫైల్లో ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్యలో దాదాపు సగం బిట్లు మారిపోతాయి. మొత్తం ఎన్ని సంఖ్యలు సాధ్యమో రాయాలంటే 78 అంకెలు కావాలి. అందుకని రెండు వేర్వేరు ఫైళ్ళకి పొరపాటున ఒకే హ్యాషు రావడమనేది లెక్కలోకి తీసుకోనక్కర్లేని విషయం. ఫైలు పేరు మార్చండి, ఫోల్డరు మార్చండి, తేదీ మార్చండి, హ్యాషు కదలదు. ఎందుకంటే అది ఫైలు తన గురించి తాను చెప్పుకునే మాట కాదు. పేరూ వెర్షన్ నంబరూ మాత్రం అచ్చంగా అవే. ఎవడైనా మార్చుకోవచ్చు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని ఊరికే అన్నారా మనవాళ్ళు!

ఇదంతా పాఠంలా ఉందని తెలుసు. ఈ పాఠం నాకు ఎలా ఒంటబట్టిందో చెబితే గానీ నా గొడవ మీకర్థం కాదు. ఇది గొప్పగా చెప్పుకునే కథ కాదు.

2021 డిసెంబరు 9న లాగ్‌ఫోర్‌షెల్ బయటపడింది. మన ఫీల్డులో ఆ నెల గుర్తులేనివాళ్ళుండరు. జావా ప్రోగ్రాముల్లో లాగులు రాయడానికి అందరూ వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో కన్నం. లాగులోకి ఓ ప్రత్యేకమైన వాక్యం పంపిస్తే, ఆ లైబ్రరీ తనంతట తానే బయటి సర్వరుకి వెళ్ళి దొంగ కోడు తెచ్చుకుని నడిపేది. తీవ్రత పదికి పది. 2.14.1 దాకా ఉన్న పాత వెర్షన్లన్నీ మార్చాలి. మారుస్తూ ఉండగానే 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 అని నెల తిరక్కుండా నాలుగు కొత్త వెర్షన్లు వచ్చాయి. ఒక వెర్షన్ పెట్టి కాఫీ తాగి వచ్చేసరికి ఇంకోటి.

అప్పటికింకా ఇళ్ళనుంచే పని. నిజాంపేటలో మా డైనింగు టేబులే వార్‌రూము. నాలుగొందల పైచిలుకు సర్వర్లు. క్లయింటు ఓ ఎక్సెల్ షీటు పంపాడు. సర్వరు పేరు, ఫైలు ఉన్న చోటు, ఫైలు పేరు, వెర్షన్, స్టేటస్. స్టేటస్ ఎరుపు నుంచి ఆకుపచ్చ అవ్వాలి, అదీ జనవరి మొదటివారానికల్లా. మా టీములో కాకినాడ దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన కుర్రాడొకడుండేవాడు. రెండేళ్ళ అనుభవం, బుద్ధిమంతుడు. ఫైళ్ళు వెతికే స్క్రిప్టు వాడే రాశాడు. ఓ రాత్రి కాల్లో అడిగాడు: "అన్నా, పనిలో పని షా-256 కూడా తీసి ఇంకో కాలమ్‌లో పెట్టేద్దామా? స్క్రిప్టులో ఒక్క లైనే."

నేనేమన్నానో మాటకి మాట గుర్తుంది. "వద్దు తమ్ముడూ. క్లయింటు అడగలేదు. లేనిపోని కాలమ్ పెడితే అదేంటని ఇంకో కాల్ పెడతారు. పేరు చాలు."

షీటు పచ్చగా అయింది. రివ్యూ చేసినవాడిగా కింద నా పేరు రాసి పంపాను. మెచ్చుకుంటూ మెయిల్ కూడా వచ్చింది.

ఫిబ్రవరిలో క్లయింటు సెక్యూరిటీ టీము వాళ్ళంతట వాళ్ళు అన్ని సర్వర్లలోని జార్ ఫైళ్ళ హ్యాషులు తీసి, విడుదలైన అన్ని లాగ్‌ఫోర్‌జే వెర్షన్ల హ్యాషులతో పోల్చి చూశారు. పదకొండు సర్వర్లలో ఫైలు పేరు 2.17.1, హ్యాషు మాత్రం అచ్చు గుద్దినట్టు 2.14.1ది. అంటే పాత ఫైలుకే కొత్త పేరు. ఆ పదకొండింటి మీదా ఓ పాత అప్లికేషను ఉంది, అది కొత్త జార్‌తో లేవడం లేదు. గడువు రోజు రాత్రి ఎవరో, తర్వాత చూసుకుందాంలే అని, పాత జార్‌నే వెనక్కి తెచ్చి పేరు మార్చి పెట్టేశారు. పేరు చూసే స్క్రిప్టుకి అది నిక్షేపంగా పచ్చగా కనిపించింది.

ఎవరు చేశారు? ఆ సర్వర్లకి లాగిన్ ఐడీ ఒక్కటే, నలుగురం వాడేవాళ్ళం. ఆ రాత్రి ఆన్‌కాల్ రోస్టర్లో మా కుర్రాడి పేరుంది. "అన్నా, నేను చెక్ చేసినప్పుడు కొత్త ఫైలే ఉందన్నా, ఒట్టు" అన్నాడు. అయ్యుండొచ్చు. నిరూపించడం ఎలా? ఈలోగా నెలవారీ ప్యాచింగులో ఆ సర్వర్లు కొత్త మెషిన్ల మీదికి మారిపోయాయి. షెల్ హిస్టరీ లేదు, పాత తేదీలు లేవు. మా దగ్గర మిగిలింది ఎక్సెల్ షీటు. అందులో ఉన్నది పేరు. ఆ పేరు అసలు ఫైలుకీ నకిలీ ఫైలుకీ ఒకటే! హ్యాషు కాలమ్ ఉండుంటే, వాడు చూసిన రోజున అక్కడున్నది ఏ ఫైలో తెలిసిపోయేది. తప్పు వాడిదే అయితే అదీ తెలిసేది.

ఆర్సీయే మీటింగులో "మానవ తప్పిదం" అని తేల్చారు. కుర్రాణ్ణి ప్రాజెక్టు నుంచి రిలీజ్ చేసి బెంచి మీద కూర్చోబెట్టారు. వేసవిలో రిజైన్ చేసి వెళ్ళిపోయాడు. ఆ మీటింగులో నేనూ ఉన్నాను. "హ్యాషు తీద్దామని అడిగింది ఈ అబ్బాయే, వద్దన్నది నేను" అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంటి లోను, అప్రైజలు నెల, ఏవేవో కారణాలు చెప్పుకున్నాను. ఇప్పుడు అవేవీ కారణాల్లా కనిపించడం లేదు.

కాబట్టి మిత్రులారా, "పేరు చాలు" అనే మాట ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది అందుకన్నమాట. సరే, ఇక వాదనల్లోకి దిగుదాం. నాకు రోజూ వినిపించేవి ఇవి.

మొదటిది: "మాకు స్కానరుంది కదా, అది చూసుకుంటుంది."

సంతోషం. అది దేన్ని చూస్తుందో ఎప్పుడైనా కనుక్కున్నారా? కొన్ని ఫైలు పేరు చూస్తాయి. కొన్ని జార్ విప్పి లోపల రాసున్న వెర్షన్ చూస్తాయి. ఇది కాస్త నయం, కానీ అది కూడా ఫైలు తన గురించి తాను చెప్పుకున్నదే. తిరకాసు రెండోవైపు నుంచీ ఉంది. కొత్త వెర్షన్ పెట్టలేని వాళ్ళని, జార్ లోంచి జేఎన్‌డీఐ లుకప్ అనే క్లాసు ఫైలు తీసెయ్యమని అపాచీ వాళ్ళే చెప్పారు. అలా తీసేసిన జార్ పేరు 2.14.1 గానే ఉంటుంది, ఆ దారి మాత్రం మూసుకుపోయి ఉంటుంది. పేరు చూసేవాడు దాన్ని ఎర్రగా చూపిస్తాడు, పాత జార్‌కి 2.17.1 అని పేరు పెడితే పచ్చగా చూపిస్తాడు. రెండుచోట్లా తప్పే. హ్యాషు చూసేవాడైతే మొదటిదాన్ని "ఇది ఎవరో చెయ్యి పెట్టిన ఫైలు, విప్పి చూడండి" అంటాడు, రెండోదాన్ని అక్కడికక్కడే పట్టుకుంటాడు.

రెండోది, కాస్త చదువుకున్నవాళ్ళ వాదన: "ఎండీ5 ఎప్పుడో విరిగిపోయింది, షా-1 కూడా పోయింది. రేపు షా-256 పోదని ఏంటి గ్యారంటీ?"

నిజమే, పుట్టుమచ్చని కాటుక పుల్లతో పెట్టుకోవచ్చు. ఎండీ5ని రాన్ రివెస్ట్ 1991లో తయారుచేశాడు. 2004లో చైనా పరిశోధకురాలు షియావోయున్ వాంగ్ బృందం ఒకే ఎండీ5 వచ్చే రెండు వేర్వేరు డేటాలు చూపించింది. 2012లో బయటపడ్డ ఫ్లేమ్ అనే మాల్వేర్ ఈ లోపాన్నే వాడుకుని మైక్రోసాఫ్టు సంతకాన్ని ఫోర్జరీ చేసింది. షా-1 వంతు 2017 ఫిబ్రవరిలో వచ్చింది. గూగుల్ వాళ్ళూ ఆంస్టర్‌డాంలోని సీడబ్ల్యూఐ వాళ్ళూ కలిసి ఒకే షా-1 ఉన్న రెండు పీడీఎఫ్‌లు బయటపెట్టారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2030 చివరికల్లా షా-1ని పూర్తిగా వదిలెయ్యమని 2022 డిసెంబరులో చెప్పేసింది.

కానీ ఇందులో ఓ మెలిక ఉంది, దాన్ని ఎగ్గొట్టి మాట్లాడటం మనవాళ్ళకి అలవాటు. ఇవన్నీ దాడి చేసేవాడు రెండు ఫైళ్ళనీ తానే వండుకున్న కేసులు. ఎప్పుడో ఎవరో విడుదల చేసిన ఫైలొకటి తీసుకుని, దాని ఎండీ5కే సరిపోయే ఇంకో ఫైలు చెయ్యడం ఇప్పటికీ ఆచరణలో ఎవరూ చూపించలేదు. అలాగని ఎండీ5 వాడమని అనడం లేదు. కొత్త పని దేనికీ వాడొద్దు. షా-256ని 2002లోనే ప్రమాణంగా ప్రకటించారు, మీద ఇంతవరకూ ఒక్క కొలిజనూ పడలేదు. పాత తాళం విరిగింది కాబట్టి తలుపు తెరిచిపెట్టుకుని పడుకుంటానంటే ఏం చెప్పేది? ఒకవేళ పడితే మారుద్దాం. హ్యాషుతో పాటు అది ఏ పద్ధతిదో పక్కన రాసుకుంటే మార్చడం పెద్ద పని కాదు.

మూడోది: "మేం డౌన్‌లోడ్ పేజీలో ఉన్న హ్యాషుతో పోల్చే వాడతాం."

మీరు చాలామంది కంటే నయం. కానీ 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైటుని దొంగలు పట్టుకుని, డౌన్‌లోడ్ లింకుని దొడ్డిదారి పెట్టిన ఐఎస్ఓ వైపు తిప్పేశారు. లింకు మార్చగలిగినవాడికి దాని పక్కనున్న హ్యాషు మార్చడం ఎంతసేపు? హ్యాషు ఇంకో దారిలో రావాలి. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ కోడ్‌కవ్. వాళ్ళ బాష్ అప్‌లోడర్ స్క్రిప్టుని బోలెడన్ని కంపెనీలు తమ బిల్డుల్లో నేరుగా నెట్లోంచి లాగి నడిపేసేవి. 2021 జనవరి 31 నుంచి ఎవరో ఆ స్క్రిప్టులో మార్పు చేసి, బిల్డుల్లో ఉండే రహస్యాలు తమ సర్వరుకి పంపించుకున్నారు. రెండు నెలలపాటు ఎవరికీ తెలీదు. ఏప్రిల్ 1న పట్టుకున్నది ఎవరనుకున్నారు? ఓ కస్టమరు. డౌన్‌లోడైన స్క్రిప్టు హ్యాషుని, గిట్‌హబ్‌లో ఉంచిన హ్యాషుతో పోల్చి చూసి, తేడాగా ఉందేంటని అడిగాడు. అదృష్టవశాత్తూ "పేరు చాలు" అనే నాలాంటి లీడు ఆయన పైన లేడు!

నాలుగోది: "హ్యాషు సరిపోయినంత మాత్రాన ఫైలు మంచిదని ఏంటి?"

మంచిదని ఎవరన్నారండీ? ఇది ఆ ఫైలే అని మాత్రమే హ్యాషు చెబుతుంది. 2020 డిసెంబరులో బయటపడ్డ సోలార్‌విండ్స్ వ్యవహారంలో, దొంగలు బిల్డు జరిగేచోటే కోడు కలిపేశారు. సంతకం కంపెనీదే, ఫైలు కంపెనీ ఇచ్చిందే. ఏ హ్యాషుతో పోల్చినా సరిపోయేది. ఎక్స్‌జెడ్ సంగతీ అంతే. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వుకుంటూ పోయి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి కనిపెట్టాడు. అందరూ దించుకున్న టార్‌బాల్ ఒకటే, హ్యాషూ ఒకటే.

అయినా చివరిదాకా వినండి. ఎక్స్‌జెడ్ దొడ్డిదారిని మొదలుపెట్టే ఓ ఎం4 ఫైలు టార్‌బాల్లో ఉంది, గిట్‌లో లేదు. గిట్‌లోని ప్రతి ఫైలు హ్యాషునీ టార్‌బాల్లోని ప్రతి ఫైలు హ్యాషుతో పోల్చి ఉంటే ఆ తేడా కనపడేది. టార్‌బాల్లో ఆటోమేటిగ్గా పుట్టిన ఫైళ్ళు అదనంగా ఉండటం మామూలే కాబట్టి, కనపడినా ఎవరూ పట్టించుకోకపోయి ఉండొచ్చు. ఆ మాట ఒప్పుకుంటాను. ఇక దొంగ ఫైలని తెలిశాక, అది మన దగ్గర ఎక్కడెక్కడ ఉందో వెతకాలంటే హ్యాషుని మించిన దారి లేదు. పేరు పట్టుకుని వెతికితే ఎవరో పేరు మార్చి దాచుకున్న కాపీ మీకు దొరకదు.

ఈ విషయంలో నేరపరిశోధన వాళ్ళు మనకన్నా ఎంతో ముందున్నారు. నిస్ట్ వాళ్ళ దగ్గర ఎన్ఎస్ఆర్ఎల్ అని ఓ సాఫ్టువేరు లైబ్రరీ ఉంది. 2000ల తొలి ఏళ్ళ నుంచీ తెలిసిన సాఫ్టువేర్లలోని ఫైళ్ళ హ్యాషులు పోగుచేసి అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. పట్టుబడిన హార్డుడిస్కులో లక్షల ఫైళ్ళుంటాయి, అందులో చాలా భాగం ఆపరేటింగు సిస్టమువి, అందరి దగ్గరా ఉండేవి. హ్యాషులు పోల్చి వాటిని పక్కన పెట్టేస్తే, మిగిలినవాటి మీద మనసు పెట్టొచ్చు. ఆ జాబితాలో హ్యాకింగు పనిముట్ల హ్యాషులు కూడా ఉన్నాయి. ఎందుకంటే అది తెలిసినవాటి జాబితా, మంచివాటి జాబితా కాదు. ఈ తేడా మన చాలా సెక్యూరిటీ రిపోర్టులకి ఇంకా తెలీదు. మనకుండాల్సిన రంగులు మూడు: తెలిసిన మంచిది, తెలిసిన చెడ్డది, అసలు తెలియనిది. మనవాళ్ళు ఆ మూడోదాన్ని కూడా పచ్చరంగులో వేసేస్తున్నారు.

అయిదోది: "ఏమీ మార్చకపోయినా హ్యాషు మారిపోతుంది, దాన్నేం నమ్ముతాం?"

ఇది నిజమైన ఇబ్బంది. 2023 జనవరి 30న గిట్‌హబ్ వాళ్ళు సోర్సు టార్‌బాళ్ళని కుదించే పద్ధతి మార్చారు. లోపలి ఫైళ్ళు ఒక్కటీ మారలేదు, కానీ పైనున్న టార్‌బాల్ బైట్లు మారాయి, హ్యాషులు మారాయి. ప్రపంచం నిండా బిల్డులు కుప్పకూలాయి. కొన్ని గంటల్లోనే ఆ మార్పు వెనక్కి తీసుకున్నారు. జావాలో ఫ్యాట్ జార్‌లూ అంతే. పది లైబ్రరీలు ఒకే జార్‌లో కుక్కితే, బయటి హ్యాషు ఏ జాబితాలోనూ దొరకదు. లోపలికి పొరలు పొరలుగా విప్పి ఒక్కో ఫైలు హ్యాషూ తియ్యాలి. క్లాసుల ప్యాకేజీ పేర్లు మార్చి షేడ్ చేస్తే అదీ దొరకదు. కాబట్టి దేని హ్యాషు తీస్తున్నామో తెలిసి తియ్యాలి. పార్సిలుదా, లోపలి వస్తువుదా? పెట్టె మారిందని వస్తువు మారిందనుకోకూడదు. కానీ పెట్టె ఎందుకు మారిందో అడిగి తీరాలి. మన దగ్గర జరుగుతున్నదేమిటి? ఎన్‌పీఎంలో ఇంటెగ్రిటీ ఎర్రరు రాగానే, "లాక్ ఫైలు డిలీట్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ కొట్టు, పోతుంది" అని సీనియర్లే సలహా ఇస్తున్నారు. పోతుంది నాయనా, నిక్షేపంగా పోతుంది. కుక్క అరుస్తోందని కుక్కని ఊరవతల వదిలేసి వచ్చాక ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది.

ఇక చివరిది, అన్నిటికన్నా బలమైనది: "టైము లేదు."

దీనికి నా దగ్గరున్న జవాబు ఆ పదకొండు సర్వర్లే. పనిముట్లన్నీ ఎప్పటినుంచో మన చేతిలో ఉన్నాయి. పిప్‌లో ప్రతి ప్యాకేజీకీ హ్యాషు ఉండాల్సిందే అనే ఆప్షను 2016లో వచ్చింది. ఎన్‌పీఎం లాక్ ఫైల్లో 2017 నుంచీ షా-512 రాసి ఉంటోంది. గో భాషవాళ్ళు 2019లో అందరూ చూసుకోగల చెక్‌సమ్ డేటాబేసే పెట్టారు. మేవెన్ సెంట్రల్లో ప్రతి జార్ పక్కనా షా-1 ఫైలుంటుంది. లినక్సులో షా256సమ్, విండోసులో గెట్-ఫైల్‌హ్యాష్ కొత్తగా కొననక్కర్లేదు. చివరికి మన కోర్టులు కూడా మారాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్టు నమూనాలో హ్యాషు విలువా, అది ఏ పద్ధతిలో తీశారో రాయడానికి గళ్ళున్నాయి. ఫైలు పేరు మాత్రమే చెప్పి కోర్టులో నెగ్గుకురాలేం గానీ, కోట్లమంది డేటా ఉన్న సర్వరు మీద మాత్రం అది చాలట!

ఈ వాదనలన్నీ విన్నాక నాకర్థమైంది ఏంటంటే, మనవాళ్ళకి హ్యాషు తెలీక కాదు. పేరుతో పని కానిచ్చేస్తే ఎవరికీ బాధ్యత అంటదు. తర్వాత ఏదైనా జరిగితే రోస్టర్లో ఎవడి పేరుందో వాడి మీద పడుతుంది, వాడు సాధారణంగా టీములో అందరికన్నా చిన్నవాడై ఉంటాడు. హ్యాషు రాసి ఉంటే ఆ ఆట సాగదు. ఫలానా రోజు ఫలానా చోట ఉన్నది ఈ ఫైలే అని అది చెప్పేస్తుంది, డిజిగ్నేషను చూసి మాట మార్చదు. అందుకే చిన్న ఉద్యోగులకి మరీ మరీ చెబుతున్నాను. మీ లీడు అడక్కపోయినా, వద్దన్నా, మీరు ముట్టుకున్న ప్రతి ఫైలు హ్యాషూ, తేదీతో సహా టికెట్లో రాసిపెట్టుకోండి. మీ కంప్యూటర్లో దాచుకుంటే సాక్ష్యం కాదు, టికెట్లోనే రాయండి.

లీడులకి, మేనేజర్లకి నేను చెప్పేవి మూడే. షీటులో హ్యాషు కాలమ్ లేకుండా "ఫలానా ప్యాకేజీ లేదు" అని సంతకం పెట్టకండి. హ్యాషు సరిపోకపోతే ముందు కారణం కనుక్కుని తర్వాత బిల్డు ముందుకు పంపండి. ఏ జాబితాలోనూ దొరకని ఫైలుని పచ్చగా చూపించకండి. దానికో రంగివ్వండి, దానికో మనిషినివ్వండి.

ఆ కుర్రాడు ఇప్పుడు బెంగుళూరులో ఏదో మంచి కంపెనీలోనే ఉన్నాడని విన్నాను. రెండేళ్ళ క్రితం మెసేజి పెట్టి, జరిగినదానికి క్షమించమని అడిగాను. "పర్లేదన్నా, అప్పట్లో మనందరికీ టెన్షనే కదా" అని రాశాడు. అంత సులువుగా వదిలేసేసరికి నాకు ఇంకా కష్టమనిపించింది. ఆ ఆర్సీయే డాక్యుమెంటులో "మానవ తప్పిదం" అని ఉన్నచోట ఇప్పటికీ వాడి పేరే ఉంది. నాకిప్పుడు దాన్ని మార్చే యాక్సెస్ లేదు. మార్చగలిగినప్పుడు మార్చలేదు.

మిత్రుడా, ఆదివారం ఫోన్లో నన్ను తిట్టినవాడా, ఇది చదువుతుంటావని తెలుసు. ఆ కాలమ్ నింపు. స్క్రిప్టులో ఒక్క లైనే.